గవర్నమెంటు హాలుకు పనికిరాని గొంతు

కంచిపట్టు చీర కట్టుకుని క్లబ్బు పాటలు పాడిన ఉషా ఉతుప్‌ది అపసంస్కృతి అన్నాడో మంత్రి. ఆ తగవులో ఎవరు గెలిచారన్నది అందరికీ తెలుసు. ఎక్కడ గెలిచారన్నదే గుర్తుంచుకోవాల్సిన సంగతి.

విశాఖపట్నం మీదుగా కోల్‌కతా వెళ్ళే రైళ్ళన్నీ హౌరా దాకా పోవు. తిరుపతి నుంచో, చెన్నై నుంచో బయల్దేరిన కొన్ని సంత్రాగాఛిలోనే ఆగిపోతాయి. హుగ్లీకి ఇవతలి ఒడ్డున, హౌరా జిల్లాలో ఉన్న ఈ జంక్షన్ ఆగ్నేయ రైల్వేది. పెట్టేబేడా దించుకున్న తెలుగువాళ్ళు ఇక్కడ ట్యాక్సీ ఎక్కి, 1992లో తెరిచిన విద్యాసాగర్ సేతు దాటి నగరంలోకి వెళ్తారు. బెంగాలీలకు మాత్రం సంత్రాగాఛి అంటే చెరువు కూడా. చలికాలంలో వేలాది వలస పక్షులు ఆ నీళ్ళ మీద వాలతాయి. ఎండలు ముదరగానే వెళ్ళిపోతాయి. దక్షిణాది కుటుంబంలో పుట్టి, పాట కోసం వంతెన అవతలి పార్క్ స్ట్రీట్‌కు వచ్చి, అక్కడే ఉండిపోయిన ఒక గాయని కథ వేరు. ఆమెను పొమ్మన్నవాళ్ళూ ఉన్నారు. ఆమె పోలేదు.

ఉషా ఉతుప్ 1947 నవంబరులో బొంబాయిలో ఒక తమిళ అయ్యర్ కుటుంబంలో పుట్టారు. తండ్రి పోలీసు అధికారి. ఇంట్లో రేడియో సిలోన్ మోగుతుండేది. ఒకపక్క హిందుస్తానీ గాత్రం, మరోపక్క పాశ్చాత్య సంగీతం. అక్కలు అప్పటికే 'సామి సిస్టర్స్' పేరుతో వేదికల మీద ఇంగ్లీషు పాటలు పాడుతున్నారు. కాన్వెంట్ స్కూల్లో మాత్రం ఉషకు సంగీతం క్లాసులో చోటు దొరకలేదు. ఆడపిల్ల గొంతు సన్నగా, తీయగా ఉండాలన్నది అక్కడి లెక్క. ఆమెది మందమైన, బరువైన గొంతు. బృందంలో పాడడానికి పనికిరాదని తేల్చారు. ఆ గొంతును మొదట రేడియోకు పరిచయం చేసింది అమీన్ సయానీ. ఆయన నడిపిన ఓవల్టీన్ మ్యూజిక్ అవర్‌లో చిన్నతనంలోనే ఆమె పాడారు.

1960ల చివర్లో మద్రాసులో అసలు కథ మొదలైంది. మౌంట్ రోడ్డు మీది సఫైర్ థియేటర్ తెలుగు సినిమావాళ్ళందరికీ తెలిసిన చోటు. దాని అడుగు అంతస్తులో 'నైన్ జెమ్స్' అనే నైట్‌క్లబ్ ఉండేది. బంధువుల ఇంటికి వచ్చిన ఉష 1969లో ఒక రాత్రి అక్కడ మైకు అందుకున్నారు. చీర, జడ, బొట్టు, గాజులు. నోట ఇంగ్లీషు పాట. చప్పట్లు ఆగకపోవడంతో యజమాని ఆమెను మరికొన్నాళ్ళు పాడమన్నారు. అదే ఏడాది ఆమె కలకత్తా చేరారు. పార్క్ స్ట్రీట్‌లో ఫ్లూరీస్‌కు ఎదురుగా ఉన్న ట్రింకాస్ రెస్టారెంట్‌లో పాడడం మొదలెట్టారు. భర్త కాబోయే జానీ చాకో ఉతుప్ అనే మలయాళీ పరిచయమైంది కూడా అక్కడే.

ఈ చీర సంగతి తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. మన సినిమాల్లో పాట ఎవరు పాడాలో ముందే నిర్ణయమైపోయి ఉండేది. హీరోయిన్‌కు సుశీల గొంతు, క్లబ్బు డాన్సర్‌కు ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు. 'దేవుడు చేసిన మనుషులు' (1973)లో ఈశ్వరి పాడిన 'మసక మసక చీకటిలో' ఊరూవాడా మోగింది. అయినా ఆ గొంతును హీరోయిన్ ఇంటి గుమ్మం ఎక్కనిచ్చింది తక్కువే. పొట్టి గౌను, గ్లాసు, గిటార్, ఈ మూడూ కలిస్తే చెడ్డ అమ్మాయి. పట్టుచీర, పసుపు, వీణ కలిస్తే మంచి అమ్మాయి. ఉష ఈ రెండు బీరువాల్లోని బట్టలనూ కలిపేశారు. పేరంటానికి వచ్చిన ముత్తయిదువలా ముస్తాబై వచ్చి, క్యాబరే డాన్సర్ పాడాల్సిన పాట పాడారు. ఏ అరలో పెట్టాలో తెలియని మనిషిని చూస్తే జనానికి సరదా. అధికారానికి మాత్రం చిరాకు.

ఆమె వచ్చేనాటికి పార్క్ స్ట్రీట్‌కు పాతికేళ్ళ సంగీత చరిత్ర ఉంది. ఆంగ్లో-ఇండియన్లు, గోవా వాళ్ళు వాయించే బ్యాండ్లలో జాజ్‌తో పాటు రంబా, సాంబా, చా-చా-చా వినిపించేవి. హోటళ్ళలో రాత్రిపూట వాయించిన ఆ వాద్యకారుల చేతి లయలే పగటిపూట సినిమా రికార్డింగుల్లోకి నడిచొచ్చాయి. సి. రామచంద్ర 'సమాధి' (1950)లోని 'గోరే గోరే' పాటకు లాటిన్ బాణీనే వాడుకున్నారు. కలకత్తాలో పుట్టిన ఆర్.డి. బర్మన్ 1960లకల్లా బ్రెజిల్ బోసా నోవాను హిందీ పాటలోకి దించారు. లాటిన్ అమెరికా ఎక్కడుందో మ్యాప్‌లో చూపించలేని వాళ్ళు కూడా ఆ దరువుకు కాలు కదిపారు.

ఉష సినిమా జీవితం ఈ దారిలోనే సాగింది. 'హరే రామ హరే కృష్ణ' (1971)లో ఆశా భోస్లేతో పాటు ఇంగ్లీషు భాగం పాడారు. ఆర్.డి. బర్మన్‌కు 'షాన్' (1980)లో పాడారు. బప్పీ లహిరి బాణీల్లో 'ప్యారా దుష్మన్' (1980)లో 'హరి ఓం హరి', 'అర్మాన్' (1981)లో 'రంభా హో', 'డిస్కో డాన్సర్' (1982)లో 'కోయీ యహాఁ నాచే నాచే' ఆమెను దేశమంతా తీసుకెళ్ళాయి. 'రంభా హో' పేరు తెలుగువాళ్ళ చెవిన పడితే ముందుగా గుర్తొచ్చేది ఇంద్రసభ. ఆ పక్కనే సాంబ అన్న మాట వస్తే కైలాసం. నిజానికి రంబా క్యూబా నాట్యం, సాంబా బ్రెజిల్‌ది. రెండూ ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసల డప్పుల్లోంచి పుట్టినవి. అప్సరస పేరూ బానిసల ఆటా ఒకే పాటలో కలిసిపోయినా ఇక్కడ ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు.

తోచిన మనిషి రైటర్స్ బిల్డింగ్‌లో ఉన్నారు. 1977లో పశ్చిమ బెంగాల్‌లో లెఫ్ట్ ఫ్రంట్ అధికారంలోకి వచ్చింది. భూసంస్కరణలు, పంచాయతీలతో పాటు సంస్కృతిని కూడా దారిలో పెట్టాలన్న పట్టుదల ఆ కూటమిలో కొందరికి ఉండేది. వాళ్ళ నోట తరచూ వినిపించిన మాట 'అపసంస్కృతి'. ఆర్ఎస్‌పీకి చెందిన ప్రజా పనుల మంత్రి జతిన్ చక్రవర్తి 1980ల తొలి భాగంలో ఈ మాటను నేరుగా ఉషా ఉతుప్‌కు తగిలించారు. ప్రభుత్వ హాళ్ళలో ఆమె కార్యక్రమాలకు తలుపులు మూసేశారు. ఆమె పాటలు యువతను పాడుచేస్తున్నాయన్నది ఆయన వాదన.

ఆ వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. ప్రభుత్వ హాలు ప్రజల డబ్బుతో కట్టింది. నాటకం ఆడేవాళ్ళకు, రవీంద్ర సంగీతం పాడేవాళ్ళకు, చిన్న చిన్న సమాజాలకు తక్కువ అద్దెకు దొరికే చోట్లు నగరంలో కొన్నే ఉంటాయి. టికెట్లు అమ్ముకోగల పాప్ గాయనికి ప్రైవేటు హాళ్ళున్నాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. ఈ ప్రశ్నకు జవాబుగా ఒక నియమం పెట్టొచ్చు. వాణిజ్య కార్యక్రమాలకు అద్దె ఎక్కువనో, ఏడాదిలో ఇన్ని రోజులేననో రాసిపెట్టొచ్చు. అది అందరికీ వర్తిస్తుంది. మంత్రి చేసింది అది కాదు. ఒక మనిషి పేరు మీద గీత కొట్టారు. నియమానికీ నిషేధానికీ తేడా అక్కడే.

పైగా ఆ గీత ఎక్కడ కొట్టాలో ఆయన పక్షానికే స్పష్టత లేదు. పాశ్చాత్య సంగీతమే తప్పనుకుందామా? బెంగాల్ వామపక్ష పాటలో పడమటి గాలి దండిగా ఉంది. 1943లో పుట్టిన ప్రజా నాట్యమండలి ఉద్యమంలోంచి వచ్చిన సలిల్ చౌధురి పాశ్చాత్య బృందగాన పద్ధతినే ప్రజాగీతాలకు వాడుకున్నారు. 1958లో మొదలైన కలకత్తా యూత్ క్వయర్‌దీ అదే దారి. లాటిన్ అమెరికా పాటే కూడదనుకుందామా? 1973లో చిలీ సైనిక ప్రభుత్వం చంపేసిన గాయకుడు విక్టర్ హారా కలకత్తా కాలేజీ కుర్రాళ్ళకు వీరుడు. అంటే గిటార్ పట్టుకుని కూర్చుని పాడితే విప్లవం, అదే ఖండం నుంచి వచ్చిన దరువుకు నడుం కదిపితే పతనం. బయటి నుంచి వచ్చిన విషమనుకుందామా? 'రంభా హో'కు బాణీ కట్టిన బప్పీ లహిరి జల్పాయ్‌గుడి బెంగాలీ. 'డిస్కో డాన్సర్' హీరో మిథున్ చక్రవర్తి కలకత్తా కుర్రాడు. ఆ సినిమా 1984లో సోవియట్ యూనియన్‌లో విడుదలైతే కోట్లాది మంది ఎగబడి చూశారు. మాస్కోలో కార్మికవర్గం కేరింతలు కొట్టిన పాట కలకత్తా హాల్లో కార్మికవర్గాన్ని పాడుచేస్తుందనడం ఎంత పెద్ద మార్క్సిస్టుకైనా కష్టమైన పని.

ఉష కోర్టుకు వెళ్ళారు. గెలిచారు. రాజ్యాంగం 19వ అధికరణం భావప్రకటనకు హద్దులు లేవని అనదు. మర్యాద, నైతికత పేరుతో ప్రభుత్వం ఆంక్షలు పెట్టొచ్చని 19(2) చెబుతుంది. కానీ వాటికి చట్టం ఆధారం ఉండాలి, అవి సమంజసంగా ఉండాలి. మంత్రిగారికి నచ్చకపోవడం అన్న కారణం ఆ జాబితాలో లేదు. ఒక క్లబ్బు గాయని, చుట్టూ పెద్ద పార్టీ ఏదీ లేని మనిషి, పదవిలో ఉన్న మంత్రిని కాదనిపించుకోగలిగిందంటే కారణం ఆమె జనాదరణ ఒక్కటే కాదు. ఆ ఊళ్ళో మంత్రి మాట చెల్లని గది ఒకటి ఉంది. దాని పేరు న్యాయస్థానం.

అలాంటి గది లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే రంబా పుట్టిన క్యూబాకే వెళ్ళాలి. సీలియా క్రూజ్ 1925లో హవానాలో ఒక పేద నల్లజాతి కుటుంబంలో పుట్టారు. టీచరైతే చాలని తండ్రి కోరిక. ఆమె రేడియో పోటీల్లో పాడి గెలిచారు. 1950లో 'సొనోరా మతాన్సెరా' అనే పేరున్న బృందంలో చేరి పదేళ్ళలో క్యూబా అంతటికీ ఆరాధ్య గాయని అయ్యారు. 1959లో ఫిడెల్ కాస్ట్రో విప్లవం గెలిచింది. మరుసటి ఏడాది జులైలో ఆ బృందం కచేరీల కోసం మెక్సికో వెళ్ళింది. వెనక్కి రాలేదు. ప్రభుత్వం దాన్ని ద్రోహంగా తీసుకుంది. 1962లో తల్లి చనిపోతే అంత్యక్రియలకు రావడానికి కూడా సీలియాకు అనుమతి ఇవ్వలేదు. స్వదేశం రేడియోలో ఆమె పాట మాయమైపోయింది.

ఆ తర్వాతి నాలుగు దశాబ్దాల్లో న్యూయార్క్ కేంద్రంగా ఎదిగిన సాల్సా సంగీతానికి ఆమే రాణి. పాట మధ్యలో స్పానిష్‌లో 'చక్కెర' అని ఆమె వేసే కేక లోకమంతా తెలుసు. చెరకు తోటల్లో బానిసల చెమట అందులో ఉంది. 1990లో క్యూబా గడ్డ మీదే అమెరికా అధీనంలో ఉన్న గ్వాంటానమో స్థావరంలో పాడడానికి వెళ్ళి, కంచె దగ్గర గుప్పెడు మట్టి తీసుకున్నారు. 2003 జులైలో అమెరికాలోని న్యూజెర్సీలో కన్నుమూసినప్పుడు ఆ మట్టిని ఆమెతో పాటే ఉంచారు. 2024లో అమెరికా ప్రభుత్వం ఆమె బొమ్మతో పావలా డాలరు నాణెం వేసింది. పుట్టిన దేశం తిరస్కరించిన ముఖాన్ని మరో దేశం నాణెం మీద ముద్రించింది.

సీలియా కాస్ట్రోను బహిరంగంగా వ్యతిరేకించిన మనిషి. ఉషకు రాజకీయాలతో పోరు లేదు. ఇద్దరి కష్టాలూ ఒక తూకానివి కావు. హాలు దొరక్కపోవడం, తల్లి అంత్యక్రియలకు వెళ్ళనివ్వకపోవడం ఒకటేనని ఎవరూ అనరు. కానీ రెండు చోట్లా అధికారం వేసుకున్న ప్రశ్న ఒకటే: ఈ పాట ప్రజలకు మంచిదా, కాదా అన్నది ఎవరు తేల్చాలి? హవానాలో ప్రభుత్వం చెప్పిందే ఆఖరి మాట. కలకత్తాలో కాదు. చిలీలో హారాను చంపింది మితవాద సైన్యమన్నది కూడా గుర్తుపెట్టుకుంటే, పాటను చూసి బెదరడంలో ఎడమ, కుడి తేడా లేదని అర్థమవుతుంది.

మంత్రి గీత ఎంతో కాలం నిలవలేదు. 1986లో సాల్ట్‌లేక్ స్టేడియంలో 'హోప్ 86' పేరుతో బొంబాయి తారల మహా జాతర జరిగింది. దాన్ని తెచ్చింది వేరెవరో కాదు, అదే ప్రభుత్వంలో క్రీడామంత్రి సుభాష్ చక్రవర్తి. అపసంస్కృతి మీద కూటమిలోనే రభస జరిగింది. 1988లో బెంగాల్ ల్యాంప్ కాంట్రాక్టుల వివాదంలో ముఖ్యమంత్రి జ్యోతిబసుతో తలపడి జతిన్ చక్రవర్తి మంత్రి పదవి పోగొట్టుకున్నారు. లెఫ్ట్ ఫ్రంట్ 2011 దాకా అధికారంలో ఉంది. అదే ఏడాది ఉషకు పద్మశ్రీ వచ్చింది. '7 ఖూన్ మాఫ్' (2011)లో రేఖా భరద్వాజ్‌తో కలిసి పాడిన 'డార్లింగ్'కు మరుసటి ఏడాది ఫిల్మ్‌ఫేర్ బహుమతి దక్కింది. ఆ పాట బాణీకి మూలం 'కలీంకా' అనే రష్యన్ పాట.

తెలుగుతో సహా పదిహేను దాకా భారతీయ భాషల్లో, స్పానిష్, స్వాహిలీ వంటి విదేశీ భాషల్లో ఆమె పాడారు. కెన్యా అధ్యక్షుడు జోమో కెన్యాట్టా ఆమెకు గౌరవ పౌరసత్వం ఇచ్చారు. కలకత్తాలో ఆమెకు ఎవరూ పౌరసత్వం ఇవ్వాల్సిన పనిలేదు కాబట్టి తనే తీసుకున్నారు. నుదుటి మీది పెద్ద బొట్టులో బెంగాలీ 'క' అక్షరం ఉంటుంది. క అంటే కలకత్తా. పట్టుచీర కిందకి అదే రంగు గుడ్డతో కుట్టిన కాన్వాసు బూట్లు. 2019లో ట్రింకాస్‌లో తన పాటకు యాభై ఏళ్ళ పండుగ చేసుకున్నారు. 2024లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆ ఏడాదే జులైలో భర్త జానీ చనిపోయారు.

ఇలాంటి తగవులు మనకూ కొత్త కాదు. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే, బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. తెలుగు పెద్దల్లోనూ కొందరు ఆ పుస్తకాన్ని ఈసడించినవాళ్ళే. ప్రకాశం పంతులు చొరవతో 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. ఇవాళ అది విశ్వవిద్యాలయాల్లో పరిశోధనాంశం. ఒకప్పుడు రియో పోలీసులు తరిమికొట్టిన సాంబా బ్రెజిల్ జాతీయ గౌరవమైంది. క్యూబా రంబాను 2016లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. నిన్నటి అపసంస్కృతి రేపటి వారసత్వం అవుతుందని ప్రతిసారీ హామీ ఇవ్వలేం. చెత్త పాటలు చెత్తగానే మిగిలిపోతాయి కూడా. కానీ ఏది ఏదవుతుందో ముందే చెప్పగల మంత్రి ఇంతవరకూ ఏ దేశంలోనూ పుట్టలేదు.

సంస్కృతిని కాపాడతామని ముందుకొచ్చే వాళ్ళ చేతుల్లో జెండాల రంగులు అప్పటికీ ఇప్పటికీ మారాయి. హాలు ఇవ్వొద్దని, షో ఆపాలని, గాయకుణ్ణి రానివ్వొద్దని అడిగే గొంతులు మారలేదు. ఇప్పుడు చాలాసార్లు ఫైలు మీద రాతపూర్వక ఉత్తర్వు కూడా ఉండదు. 'శాంతిభద్రతలు' అన్న ఒక మాట, హాలు యజమానికి ఒక ఫోను. ఉత్తర్వు ఉంటే కోర్టులో సవాలు చేయొచ్చు. ఫోనును ఎవరు సవాలు చేస్తారు? జతిన్ చక్రవర్తి కనీసం తన అభిప్రాయాన్ని బాహాటంగా చెప్పి, ఓడిపోయారు. ఆ లెక్కన ఉషా ఉతుప్ అదృష్టవంతురాలు. ఆమెకు ఎదుటి మనిషి కనిపించాడు.